వర్చువల్ కంట్రోలరు : తీగలేని నెట్‌వర్కులో నాయకత్వ సమస్య

నేటి కళాశాల భవనములలో ఏ వరండాలో నడచినను పైకప్పున బిగించిన తెల్లని చిన్న పెట్టె యొకటి కనబడును. దానియందు చిన్న దీపమొకటి వెలుగుచుండును. విద్యార్థులు దానిని 'వైఫై డబ్బా' అని పిలుతురు. దాని అసలు పేరు యాక్సెస్ పాయింటు. అది చక్కగా పనిచేసినంత కాలము ఎవరును తలయెత్తి చూడరు. పరీక్ష రుసుము కట్టుటకో, ఉపకారవేతనపు దరఖాస్తు పంపుటకో గడువు తీరనున్న సాయంకాలమున అది పనిచేయదేని అందరును దానివంకనే చూతురు.

ఒక పెట్టె చెడినచో దానిని మార్చిన చాలును. ఇరువది పెట్టెలున్న చోట వానినన్నింటిని ఒక్క త్రాటిపై నడుపువారెవరు? నడుపు ఆ యొక్కటియే చెడినచో తక్కినవాని గతియేమి? తుఫానునాడు బయటి లోకముతో సంబంధము తెగినచో మన గోడలలోపలి నెట్‌వర్కు నిలుచునా, కూలునా? ఈ ప్రశ్నలకు ఇంజనీర్లు చెప్పిన సమాధానములలో 'వర్చువల్ కంట్రోలరు' అనునది యొకటి. సముద్రమునకు ఇంత చేరువగా నివసించు మనకు ఇది కేవలము పాఠ్యవిషయము కాదు. కావున దీనిని మొదటినుండి, మెట్టు మెట్టుగా తెలిసికొందము.

1. తరంగములు, ఛానళ్లు

యాక్సెస్ పాయింటు అనగా తీగద్వారా వచ్చిన సమాచారమును రేడియో తరంగములుగా మార్చి ఫోనులకు, కంప్యూటర్లకు అందించి, వాని జవాబులను తిరిగి తీగలోనికి చేర్చు పరికరము. దీనికి మూలమైన 802.11 అను ప్రమాణము 1997లో వెలువడినది. ఇది ముఖ్యముగా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అను రెండు పట్టీలలో పనిచేయును. మన దేశమున 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని 2005లో లైసెన్సు అవసరము లేకుండ ఎవరైనను వాడుకొనుటకు ప్రభుత్వము అనుమతించినది. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో అట్టి స్వేచ్ఛ 2018లో విస్తృతముగా లభించినది.

కాంతివేగమును పౌనఃపున్యముచే భాగించిన తరంగదైర్ఘ్యము వచ్చునని మనము భౌతికశాస్త్రమున చదివితిమి. ఆ లెక్కన 2.4 గిగాహెర్ట్జ్ తరంగము పొడవు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ తరంగము సుమారు 6 సెంటీమీటర్లు. మొదటిది గోడలను కొంత సులువుగా దాటును. రెండవది అంతగా దాటలేదు గాని, దానియందు ఛానళ్లు ఎక్కువ. 2.4 పట్టీలో ఒకదానిపై నొకటి పడకుండ వాడదగిన ఛానళ్లు 1, 6, 11 అను మూడు మాత్రమే. ప్రక్క ప్రక్క గదులలోని రెండు పెట్టెలు ఒకే ఛానలును ఎంచుకొన్నచో, ఒకటి మాటలాడునంతసేపు రెండవది వేచియుండవలసినదే. కావున పెట్టెలు పెరిగినకొలది అవి పరస్పరము సంప్రదించుకొని ఛానళ్లను, ప్రసార శక్తిని పంచుకొనుట తప్పనిసరి. నాయకత్వమను సమస్యకు ఇదియే మొదటి కారణము.

మరియొక విషయము. 5 గిగాహెర్ట్జ్ పట్టీలోని కొన్ని ఛానళ్లలో రాడారు సంకేతము వినబడినచో యాక్సెస్ పాయింటు ఆ ఛానలును వెంటనే విడిచిపోవలెనని నియమము కలదు. మచిలీపట్నమున భారత వాతావరణ శాఖవారి డాప్లర్ రాడారున్నదని మనకందరకు తెలియును. అయితే అది సుమారు 10 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యము గల ఎస్ బ్యాండున పనిచేయునది గనుక, దానికిని మన 5 గిగాహెర్ట్జ్ ఛానళ్లకును పోటీ లేదు.

2. మూడు తరముల చరిత్ర

మొదటి తరమున ప్రతి యాక్సెస్ పాయింటును స్వతంత్రమైనది. దాని పేరు, రహస్యపదము, ఛానలు అన్నియు దానిలోనే యుండెడివి. మూడు పెట్టెలున్న కార్యాలయమునకు ఇది సరిపోవును. ముప్పది పెట్టెలున్న కళాశాలలో రహస్యపదమును మార్చవలసివచ్చినపుడు ఒకే పనిని ముప్పదిమార్లు చేయవలెను. ఇరువది తొమ్మిది మార్చి ఒక్కటి మరచినచో, ఆ యొక్క పెట్టెయే దొంగకు ద్వారమగును.

రెండవ తరమున 'కంట్రోలరు' అను ప్రత్యేక యంత్రము వచ్చినది. ఆలోచన యంతయు దానిది. పైకప్పుననున్న పెట్టెలు ఆజ్ఞ పాటించు సేవకులు మాత్రమే. కంట్రోలరు, యాక్సెస్ పాయింట్లు మాటలాడుకొను భాషయైన కాప్‌వాప్ అను ప్రమాణము 2009లో ప్రకటింపబడినది. ఈ పద్ధతిలో తరచుగా వినియోగదారుల సమాచారము కూడ ముందు కంట్రోలరు వద్దకు పోయి, అచ్చటినుండి గమ్యమునకు మరలును. మచిలీపట్నమునుండి పెడనకు వ్రాసిన ఉత్తరము మొదట విజయవాడకు పోయి, అచ్చట ముద్ర వేయించుకొని, గుడివాడ మీదుగా వెనుకకు పెడన చేరినట్లుండును. క్రమశిక్షణకు ఇది మంచిదే. కాని ఆ యంత్రము ఖరీదైనది. అది నిలిచిపోయినచో భవనమంతయు మూగబోవును. ఆ భయమున రెండవ కంట్రోలరును కొని సిద్ధముగా నుంచుట పెద్ద సంస్థలకు సాధ్యము గాని చిన్న కళాశాలలకు భారము.

ఇంతలో యాక్సెస్ పాయింట్లలోని ప్రాసెసర్లు, జ్ఞాపకశక్తి బలపడినవి. 'కంట్రోలరు చేయు పనిని ఈ పెట్టెలలో నొకటియే ఏల చేయరాదు?' అను ప్రశ్న పుట్టినది. దానికి జవాబుగా వచ్చినది మూడవ తరము. కాలిఫోర్నియాలో 2002లో స్థాపింపబడిన అరూబా నెట్‌వర్క్స్ సంస్థ 2011లో 'ఇన్‌స్టెంట్' అను పేరిట ఇట్టి యాక్సెస్ పాయింట్లను విడుదల చేసినది. ఆ సంస్థను 2015లో హ్యూలెట్ ప్యాకార్డ్ కొనుగోలు చేసినది. సిస్కో, రకస్ మొదలగు సంస్థలు కూడ ఇదే భావమును తమతమ పేర్లతో అమలుపరచినవి.

3. వర్చువల్ కంట్రోలరు అనగా నేమి?

'వర్చువల్' అనగా వేరుగా దేహము లేనిది అని ఇచ్చట అర్థము. ప్రత్యేకమైన కంట్రోలరు యంత్రమేదియు లేదు. ఒకే స్థానిక నెట్‌వర్కునందున్న యాక్సెస్ పాయింట్లు తమలో ఒకదానిని నాయకునిగా ఎన్నుకొనును. ఆ నాయకుడు ఫోనులకు సేవచేయు తన మామూలు పనిని మానడు; దానితోపాటు కంట్రోలరు బాధ్యతను కూడ మోయును.

గిలకలదిండి రేవునుండి వేటకు కలసిపోవు మరపడవలను తలచుకొనుడు. ప్రతి పడవకును సరంగు కలడు. సరంగు అను ఈ మాట పారశీకమునుండి వచ్చి మన తీరభాషలో కలసిపోయినది. అందులో నొక సరంగు చెప్పిన దిక్కునకు తక్కినవారు సాగుదురనుకొందము. అతడును వల విసరువాడే. అతనికొరకు వేరుగా అధికార నౌక లేదు. అతని ఇంజను ఆగినచో మరియొక సరంగు ముందునకు వచ్చును, వేట సాగును. వర్చువల్ కంట్రోలరు అట్టిది. అది పదవియే గాని పడవ కాదు.

ఈ పదవికి సాధారణముగా ప్రత్యేకమైన ఐపీ చిరునామా యొకటి కేటాయింతురు. నాయకత్వము ఏ పెట్టెకు మారినను ఆ చిరునామా దానిని అనుసరించి పోవును. నిర్వాహకుడు ఎల్లప్పుడును ఆ యొక్క చిరునామానే తెరచి చూచును. నేడు నాయకత్వము వహించునది గ్రంథాలయపు పెట్టెయా, ప్రయోగశాల పెట్టెయా అని విచారింపనవసరము లేదు.

నాయకుని విధులు ముఖ్యముగా నాలుగు. మొదటిది, అమరికల ప్రతిని అన్ని పెట్టెలకు పంచుట. రహస్యపదమును ఒక్కచోట మార్చిన అంతట మారును. రెండవది, క్రొత్తగా తగిలించిన పెట్టెను గుర్తించి సమూహమున చేర్చుకొనుట. మూడవది, అన్ని పెట్టెల సాఫ్ట్‌వేరును ఒకే స్థాయిలో నుంచి, వాని స్థితిగతులను ఒక్కచోట చూపుట. నాలుగవది, సమూహము పక్షమున బయటి వ్యవస్థలతో మాటలాడుట.

4. నాయకుని ఎన్నిక

విద్యుచ్ఛక్తి వచ్చి పెట్టెలు మేల్కొనగానే ప్రతి యొక్కటియు 'ఇచ్చట నాయకుడున్నాడా?' అని నెట్‌వర్కునందు ఆలకించును. ఉన్నచో దానిని అనుసరించును. లేనిచో పోటీ జరుగును. నియమములు సంస్థకొక విధముగా నుండును. సాధారణముగా మొదట చూచునది నిర్వాహకుడు ముందుగానే గుర్తించిన పెట్టె ఏదియని. పిదప ఎక్కువ శక్తిగల నమూనా ఏదియని, ఎక్కువ కాలమునుండి ఆగక నడచుచున్నది ఏదియని. అన్నింటను సమానమైనచో హార్డ్‌వేరు చిరునామాను బట్టి నిర్ణయమగును. సమానులమధ్య వివాదము తెగక నిలిచిపోకుండుటకే ఈ చివరి నియమము.

గెలిచిన నాయకుడు 'నేను బ్రతికియున్నాను' అని అనుచరులకు పదే పదే తెలుపుచుండును. ఆ పిలుపు కొంతసేపు వినబడదేని అనుచరులు మరల ఎన్నిక జరుపుకొందురు. అమరికల ప్రతి అందరివద్దను ఉన్నది గనుక క్రొత్త నాయకునికి నేర్పవలసినదేమియు లేదు. అందరికిని విద్య నేర్పియుంచిన ఇంటిలో పెద్దవాడు ఊరికి వెళ్లినను సంసారము ఆగదు గదా!

ఇచ్చట ఒక చిక్కు కలదు. రెండు భవనములను కలుపు తీగ తెగినదనుకొందము. రెండవ భవనములోని పెట్టెలకు నాయకుని పిలుపు వినబడదు. నాయకుడు లేడని తలచి అవి తమలో నొక నాయకుని ఎన్నుకొనును. ఇప్పుడు ఒకే సమూహమునకు ఇద్దరు నాయకులు! తీగను మరల కలిపిన పిమ్మట నియమము ప్రకారము ఒక నాయకుడు తప్పుకొని రెండవవానిని అనుసరించును. అయితే ఆ మధ్యకాలమున ఎవరైనను ఒక భవనములో అమరికలు మార్చియుండిన, తప్పుకొన్న నాయకుని మార్పులు పోవచ్చును. కావున తీగ తెగియున్నంత వరకు అమరికలను ముట్టకుండుట మంచిది.

5. ఏది ఆగును, ఏది ఆగదు

నాయకుడు పడిపోయినపుడు అందరి ఇంటర్నెట్టు ఆగిపోవునా? ఆగదు. ఇది ఈ పాఠమునకు గుండెకాయ వంటి సంగతి.

నెట్‌వర్కునందు రెండు విధముల పనులు కలవు. ఆజ్ఞలు, అమరికలు, పర్యవేక్షణ ఒక విధము. వినియోగదారుల సమాచారమును చేరవేయుట రెండవ విధము. వర్చువల్ కంట్రోలరు పద్ధతిలో మొదటిది నాయకునిది. రెండవదానిని ప్రతి పెట్టెయు స్వయముగా చేయును. విద్యార్థి ఫోనునుండి వచ్చిన సమాచారమును అతని గదిపై నున్న పెట్టె నేరుగా స్విచ్చికి అందించును. పెడన ఉత్తరము ఇప్పుడు విజయవాడకు పోనక్కరలేదు. కావున నాయకుడు పడిపోయినచో దానికి నేరుగా అంటుకొనియున్న ఫోనులు మాత్రమే ప్రక్క పెట్టెకు మారవలెను; తక్కినవారికి ఆ సంగతియే తెలియదు.

దీనికి ఒక మినహాయింపు కలదు. అతిథుల నెట్‌వర్కునకు చిరునామాలను వర్చువల్ కంట్రోలరే ఇచ్చునట్లు అమర్చినచో, ఆ అతిథుల సమాచారము నాయకుని మీదుగానే పోవును. నాయకుడు మారునపుడు వారికి అంతరాయము కలుగును. కావున విద్యార్థుల ముఖ్యమైన నెట్‌వర్కునకు చిరునామాలిచ్చు పనిని వేరుగా రౌటరుకో, సర్వరుకో అప్పగించుట క్షేమము.

ఈ పద్ధతికి ఎల్లలు కూడ కలవు. సమూహములోని పెట్టెలన్నియు ఒకే స్థానిక నెట్‌వర్కు విభాగమున నుండవలెను. రౌటరుకు ఆవలనున్న వానికి ఎన్నిక పిలుపు వినబడదు. పెట్టెల సంఖ్య నూటికి చేరువైనపుడు, దాటినపుడు నాయకునిపై భారము పెరుగును. అట్టి పెద్ద ఆవరణములకు ప్రత్యేక కంట్రోలరో, సమూహమును విభజించుటయో తగినది.

6. క్లౌడు చేయు పని

ఒక విద్యాసంస్థకు మచిలీపట్నమున, గుడివాడలో, అవనిగడ్డలో మూడు శాఖలున్నవని ఊహింతము. మూడుచోట్ల మూడు సమూహములు, మూడు వర్చువల్ కంట్రోలర్లు. ఒక్క నిర్వాహకుడు మూడు ఊళ్లు తిరుగలేడు. అందులకై వచ్చినది క్లౌడు నిర్వహణ. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని 'రూఫ్‌నెట్' అను పరిశోధననుండి 2006లో పుట్టిన మెరాకి సంస్థ ఈ మార్గమును ప్రసిద్ధము చేసినది. దానిని 2012లో సిస్కో కొనుగోలు చేసినది.

క్లౌడు అనగా దూరపు డేటా కేంద్రములో నడచు నిర్వహణ సాఫ్ట్‌వేరు. వర్చువల్ కంట్రోలరు ఉన్నచోట సమూహము పక్షమున అదియే క్లౌడుతో సురక్షితమైన సంబంధమును తానై కల్పించుకొనును. పిలుపు లోపలినుండి బయటకు పోవును గనుక మన ఫైర్‌వాలులో బయటివారికొరకు ప్రత్యేక ద్వారము తెరువనక్కరలేదు. క్రొత్త పెట్టె క్రమసంఖ్యను ముందుగానే క్లౌడులో నమోదు చేసియుంచినచో, అవనిగడ్డలో ఎవరైనను దానికి తీగ తగిలించిన చాలును. అది తన అమరికలను తానే తెచ్చుకొనును.

ఇట్టి కేంద్రీకృత నిర్వహణ యొక్క అవసరము సామాన్యునకు తెలిసివచ్చినది రైల్వే స్టేషనులలో. గూగుల్, రైల్‌టెల్ సంస్థలు కలసి 2016లో ముంబయి సెంట్రలు స్టేషనులో మొదలిడిన ఉచిత వైఫై అదే సంవత్సరము విజయవాడ, విశాఖపట్నము, కాచిగూడ స్టేషనులకు వచ్చినది; 2018 నాటికి 400 స్టేషనులకు వ్యాపించినది. 2020లో గూగుల్ తప్పుకొన్నను రైల్‌టెల్ దానిని కొనసాగించినది. పది ప్లాట్‌ఫారములుగల విజయవాడ వంటి స్టేషనులో ఒక్కొక్క పెట్టెకు నిచ్చెన వేసి అమరికలు మార్చుట ఎవరికిని సాధ్యము కాదు గదా!

క్లౌడు సంబంధము తెగినచో ఏమగును? వర్చువల్ కంట్రోలరు అమరికలు స్థానికముగానే ఉన్నవి గనుక నెట్‌వర్కు నడచును. దూరమునుండి చూచుట, మార్చుట, గణాంకముల సేకరణ ఆగును. కాని వినియోగదారుని ప్రవేశ పరీక్ష క్లౌడులోనే జరుగునట్లు అమర్చియున్నచో క్రొత్తవారు లోనికి రాలేరు. లైసెన్సు గడువు తీరిన పిదప కొన్ని రకముల పరికరములు సేవనే నిలిపివేయును. కొనుటకు పూర్వమే ఈ రెండు సంగతులను లిఖితపూర్వకముగా అడిగి తెలిసికొనవలెను.

ఇటీవలి పరిణామము గమనింపదగినది. అరూబావారి ఏఓఎస్ 10 అను సాఫ్ట్‌వేరులో వర్చువల్ కంట్రోలరు లేదు; ప్రతి యాక్సెస్ పాయింటును నేరుగా క్లౌడుతోనే సంబంధము పెట్టుకొనును. చాల పెద్ద నెట్‌వర్కులకు ఇది అనుకూలము. అధికారము యంత్రపు గదినుండి పైకప్పు పెట్టెకు, పెట్టెనుండి ఆకాశమునకు ప్రయాణము చేసినదన్నమాట. తెలివి ఎచ్చట నుండవలెనను ప్రశ్న మాత్రము అట్లే నిలిచియున్నది.

7. మన డెల్టాలో దీనికి పరీక్ష

1864లో మచిలీపట్నమును, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలు వేలాది ప్రాణములను బలిగొన్నవి. దివిసీమ ఉప్పెననాడు మార్గములు, తంతి స్తంభములు కూలి, జరిగిన ఘోరము బయటి లోకమునకు తెలియుటకే ఆలస్యమైనది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటినది. తుఫాను వచ్చినపుడు పాఠశాలలు, కళాశాలలు పునరావాస కేంద్రములగుట మనమెరిగినదే. అప్పుడు మన పైకప్పు పెట్టెలు కొన్ని వందలమందికి ఆప్తులతో మాటలాడు ఆధారము కావచ్చును.

ఒక లెక్క చేసి చూతము. యాక్సెస్ పాయింట్లకు విద్యుత్తు సమాచారపు తీగలోనే స్విచ్చినుండి వచ్చును. ఒక్కొక్కటి సుమారు 15 వాట్లు తీసికొన్నదనుకొనిన 20 పెట్టెలకు 300 వాట్లు. స్విచ్చికి, రౌటరుకు 40 వాట్లు కలిపి మొత్తము 340 వాట్లు. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ యొకటి 1800 వాట్-అవర్ల శక్తిని దాచును. ఇన్వర్టరులో అయిదవ వంతు నష్టము తీసివేయగా 1440 మిగులును. దానిని 340చే భాగించిన సుమారు 4 గంటలు. అట్లుగాక, ఆశ్రయము పొందినవారున్న భవనములోని 4 పెట్టెలనే ఉంచి తక్కిన పోర్టులకు విద్యుత్తు ఆపినచో భారము 60కి 40 కలిపి 100 వాట్లు. అదే బ్యాటరీ సుమారు 14 గంటలు నిలుచును. అనగా దాదాపు ఒక రాత్రి గడచును.

అయితే ఆపివేసిన పెట్టెలలో నాయకుడుండినచో? మరల ఎన్నిక జరుగును, సేవ సాగును. అయినను, ఆ నాలుగింటిలో నొకదానినే నాయకత్వమునకు ముందుగా గుర్తించియుంచుట వివేకము. కొన్ని నమూనాలకు 4జీ మోడెమును తగిలించు వీలు కలదు. ఫైబరు తెగినపుడు టవరు బ్రతికియున్నచో అదియే బయటకు మార్గమగును. రెండును లేనినాడు కూడ, కళాశాల సర్వరులో పేర్ల పట్టికయో, మందుల వివరములో ఉంచియుండిన, ఆవరణములోని ఫోనులు దానిని చూడగలవు. స్థానికమైన తెలివికి విలువ అప్పుడే తెలియును.

తీరప్రాంతపు ఉప్పుగాలి లోహపు కొనలను త్వరగా తినివేయును గనుక ఆరుబయటి పెట్టెలకు మూసిన తొడుగులుండవలెను. స్విచ్చిని నేల గదిలోగాక మేడపై నుంచవలెను. అమరికల ప్రతి నొకదానిని వేరుగా భద్రపరుపవలెను. వేసవిలో ఒకనాడు నాయకుని తీగను కావలెనని తీసి, ఎంతసేపటికి క్రొత్త నాయకుడు నిలుచునో గడియారము పట్టి చూడవలెను. పరీక్షింపని ఏర్పాటును నమ్మి తుఫానునెదుర్కొనరాదు.

ఉపసంహారము

విద్యార్థి మిత్రులారా! వర్చువల్ కంట్రోలరు ఏదో మాయ యంత్రము కాదు. బాధ్యతను ఒక వస్తువునకు కట్టివేయక, పదవిగా మలచి, ఆ పదవి నెత్తుకొను శక్తిని సమూహములోని పెక్కింటికి నేర్పియుంచుటయే దాని రహస్యము. దూరపు క్లౌడు మనకు సలహాదారుగా, లెక్కలు వ్రాయువానిగా ఉండవచ్చును. కాని దీపము వెలిగించువాడు ఇంటిలోనే యుండవలెను. మన కళాశాలలో ఇప్పుడు నాయకత్వము వహించుచున్న పెట్టె ఏది, అది ఆగిననాడు దాని స్థానమునకు వచ్చునది ఏది అను రెండు ప్రశ్నలను ప్రయోగశాలలో అడిగి చూడుడు. జవాబు దొరికిననాడు ఈ పాఠము మీకు వచ్చినట్లే.